టీచరమ్మ ఒప్పుకున్న పొరపాటు

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నర దాకా మంచు విడవలేదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద కప్పిన పట్టాలు తడిసి బరువెక్కాయి. నేనూ మా ఇంటావిడా చెరో కొస పట్టుకుని తీస్తున్నాం. పక్క చేలో ఆడకూలీలు రెండో కోత కోస్తున్నారు. అంగన్‌వాడీ ఆయా గట్టు వెంట నడిచి వచ్చి, "టీచరమ్మ పోయిందండీ. తెల్లారి లేవలేదు. గుండె ఆగిందంట" అంది.

చేలో వాళ్ళు నడుములెత్తి నిలబడ్డారు. వాళ్ళలో చాలామంది పిల్లలకి అక్షరాలు దిద్దించింది ఆమే. మేం పట్టా పూర్తిగా తీసి, కాయలు పలచగా నెరిపి, చేతులు కడుక్కుని వెళ్ళాం. తడి మీద వదిలేస్తే కాయ బూజు పడుతుంది.

ఆమె మా ఊళ్ళో రెండు పనులు చేసేది. పొద్దున అంగన్‌వాడీ. పిల్లలు వెళ్ళిపోయాక మా బూత్ ఓటర్ల జాబితా. ఆమె భర్త టైలరు. ఆయన కుట్టిచ్చిన గుడ్డ సంచిలో జాబితా పెట్టుకుని, గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఏ పేరైనా ముందు పెన్సిల్‌తో రాసుకుని, ఇంటివాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు అవునన్నాకే పెన్నుతో దిద్దేది. ఎవరింట్లోనూ టీ తాగేది కాదు. "ఇవాళ నలభై ఇళ్ళున్నాయి. నలభై టీలు తాగితే నన్ను నలుగురు మోసుకెళ్ళాలి. మంచినీళ్ళియ్యండి చాలు" అనేది.

"పుట్టినోళ్ళని నేనే రాస్తున్నా, పోయినోళ్ళని నేనే కొట్టేస్తున్నా. ఆ రెంటికీ మీరే పిలుస్తారు. పద్దెనిమిది నిండినోళ్ళని ఎక్కించడానికి మాత్రం మీ గుమ్మాల ముందు నేను నిలబడాలి" అని కూడా అనేది. నవ్వుతూనే అనేది.

మా వైపు ఒక అలవాటుంది. మగపిల్లాడికి వయసు నిండకముందే ఓటు కోసం తొందరపడతాం. ఆడపిల్లకి నిండినా పుట్టింట్లో రాయించం. ఎలాగూ పెళ్ళవుతుంది, అత్తగారి ఊళ్ళో ఎక్కుతుంది, ఇక్కడ ఎక్కించి మళ్ళీ తీయించడం దేనికి అనుకుంటాం. మొన్నటి ఎన్నికల ముందటేడు టీచరమ్మ మా ఇంటికి వచ్చేనాటికి మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయికి పద్దెనిమిది నిండాయి" అంది అరుగు మీద కూర్చుంటూ.

"మీకెట్టా తెలుసు టీచరమ్మా?"

"పుట్టినప్పుడు తూచింది నేనేగా. నా సెంటర్లో గుడ్డు పెడితే పచ్చసొన నా చేతిలో పెట్టి తెల్లది తినేది. అంత తొందరగా మర్చిపోతానా?"

"సంబంధాలు చూస్తున్నామండీ. ఏ ఊరెళ్తుందో ఏమో. అక్కడే రాయించుకుంటుంది లెండి."

"కుదిరాక ఆ ఊరికి మార్చుకోవచ్చు. దానికి వేరే ఫారం ఉంది. ముందు ఒకచోట ఉంటేనే గదా మార్చేది?"

"హాస్టల్లో ఉంది గదా మరి."

"ఉన్నా సొంతూళ్ళో పెట్టుకోవచ్చు. కాదంటే హాస్టల్ అడ్రసు మీద గుంటూరులో పెట్టుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం కుదరదు. ఎక్కడ కావాలో ఆ పిల్లనే అడగండి అన్నయ్యగారూ. ఓటు ఆ పిల్లది."

కొత్త ఓటుకి పెట్టే ఫారం సిక్స్ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది. దసరా సెలవులకి వచ్చినప్పుడు మా అమ్మాయి దాన్ని చక్కగా నింపింది. ఫొటో అంటించింది, సంతకం పెట్టింది, పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సు జతచేసింది. ఓటు మన ఊళ్ళోనే కావాలంది. "టీచరమ్మకి ఇచ్చెయ్ నాన్నా" అని చెప్పి హాస్టలుకి వెళ్ళింది.

నేను ఇవ్వలేదు. బీరువాలో బట్టల కింద పెట్టాను. టీచరమ్మ ఆ తర్వాత మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా, "అమ్మాయి ఇంకా సంతకం పెట్టలేదండీ, ఈసారి వచ్చినప్పుడు పెట్టిస్తాను" అన్నాను. అమ్మాయి ఫోను చేసి, "ఇచ్చావా? ఇవ్వకపోతే చెప్పు, నేనే ఫోన్లో పెట్టుకుంటా. రెండుసార్లు పెడితే గొడవ" అంది. ఇచ్చేశానన్నాను. గడువు అయిపోయింది.

ఎందుకు చేశానని ఇప్పుడు అడిగితే చెప్పడానికి పెద్ద కారణం లేదు. ఓటు ఆ పిల్లది అన్న మాట నాకు గిట్టలేదు. అంతే.

పోలింగు రోజు పొద్దున్నే మా అమ్మాయి గుంటూరు నుంచి దిగింది. మే నెల ఎండ. బడి ముందు షామియానా కింద టీచరమ్మ బల్ల వేసుకుని జాబితా చూసి అందరికీ నంబర్లు చెబుతోంది. వరస బడి గేటు దాటి రోడ్డు మీదకొచ్చింది. దారిలో చీటీలు రాసే కుర్రాళ్ళు పేరు లేదనడంతో మా అమ్మాయి సరాసరి బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

"నా పేరు లేదంటున్నారేంటి టీచరమ్మా?"

వరసలోంచి ఒకాయన, "ఏమమ్మాయ్, ఓటు ఎగిరిపోయిందా? వేలు మీద సిరా కావాలంటే చెప్పు, మా ఇంట్లో పెన్నుంది!" అన్నాడు. నలుగురు నవ్వారు.

"ఉండమ్మా, చూస్తాను" అంది టీచరమ్మ. లేదని ఆమెకి తెలుసు. అయినా పేజీ తిప్పింది.

"సంతకం పెట్టి, ఫొటో అంటించి నాన్నకిచ్చాను. నాన్న మీకిచ్చాడు. చెప్పు నాన్నా!"

టీచరమ్మ తలెత్తి నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇచ్చారమ్మా. నా సంచిలోనే ఉండిపోయింది. పైకి పంపలేదు. నాదే పొరపాటు" అంది.

"పొరపాటా? ఊరంతా తిరిగి మీరు చేసేది ఇదా? మొదటిసారి ఓటెయ్యడానికి పరీక్షల మధ్యలో వచ్చాను. చేతకానప్పుడు ఇంట్లో కూర్చోకూడదా?" అంది మా అమ్మాయి. ఇంకా చాలా అంది. టీచరమ్మ వింటూ, వెనకున్న ముసలాయనకి నంబరు రాసిచ్చింది.

నేను ఓటేసి ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఆ ఫారం తీసి పొయ్యిలో వేశాను.

మా అమ్మాయి ఊరుకోలేదు. ఫోనులో ఫిర్యాదు పెట్టింది. టీచరమ్మని మండలాఫీసుకి పిలిచారు. మెమో ఇచ్చారు. ఫారం అందింది, పంపడం మరిచిపోయాను అని ఆమె రాసిచ్చింది. జాబితా పని ఆమె నుంచి తీసేసి వేరేవాళ్ళకిచ్చారు. మా అమ్మాయి తన పేరు గుంటూరులో హాస్టల్ అడ్రసు మీద ఎక్కించుకుంది. ఆ సంగతి తెలిసి టీచరమ్మ మా ఇంటావిడతో, "పోన్లెండి వదినా, ఎక్కడో ఒకచోట ఎక్కిందిగా" అందట.

ఆమె ఎందుకు మీద వేసుకుందో ఎప్పుడూ చెప్పలేదు. ఊరంతా వరసలో ఉంది. కూతురి ముందు తండ్రి పరువు పోకూడదనుకుందని నా ఊహ.

కొన్నాళ్ళకి కాస్త ధైర్యం చేసి, సంచిలో మిరపకాయలు పోసుకుని సెంటరుకి వెళ్ళాను. పిల్లలు అన్నాలు తింటున్నారు.

"పసిపిల్లల బడికి మిరపకాయలెందుకండీ?" అని నవ్వింది.

"ఆ రోజు సంగతి చెబుదామని వచ్చాను టీచరమ్మా. తప్పు..."

"మీరు చెప్పాల్సింది నాకు కాదు అన్నయ్యగారూ" అంది. ఒక పిల్ల మూతి తుడవడానికి లేచింది. మిరపకాయలు తీసుకోలేదు.

జాబితా చేతిలో లేకపోయినా ఆమె అలవాటు మానలేదు. ఇంటర్ చదివే పిల్లలు రోడ్డు మీద ఎదురైతే ఆపేది. "పదిహేడు నిండాయా? అయితే ఇప్పుడే పెట్టుకోవచ్చు. నిండాక వాళ్ళే ఎక్కిస్తారు. ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మీరే వెళ్ళి ఇవ్వండి" అనేది. ఎవరి చేతికీ ఇవ్వొద్దు అన్న మాట వినపడినప్పుడల్లా నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి. చెప్పాల్సినవాళ్ళకి చెప్పడానికి నాకు రెండేళ్ళు దొరికాయి. చెప్పలేదు.

ఆమె పోయిన రోజు అమ్మాయికి ఫోను చేశాను. "అయ్యో" అని, "నా ఫారం పోగొట్టినావిడేగా" అంది. పెద్దకర్మకి రమ్మన్నాను. వచ్చింది. ఆ ఇంటికి బయల్దేరేముందు వాకిట్లో చెప్పాను.

"ఆ ఫారం నేను ఇవ్వలేదమ్మా."

"ఏ ఫారం?"

"నీ ఓటుది."

"మరి సంచిలోనే ఉండిపోయిందని ఆవిడే చెప్పిందిగా?"

"నా మొహం చూసి అట్టా చెప్పింది."

"ఫారం ఏది?"

"పొయ్యిలో వేశాను."

వేసుకున్న చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంది. తర్వాత అడిగింది.

"నేనావిణ్ణి అంతమందిలో అన్న మాటలన్నీ నీకు వినపడ్డాయా?"

"వినపడ్డాయి."

"వింటూ నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

"నువ్వు నాతో రావద్దు" అని ఒక్కతే వెళ్ళింది. భోజనాలకి కూర్చున్నవాళ్ళందరి ముందూ టైలరుగారికి జరిగింది చెప్పిందట. ఆమె పోయాక ఇప్పుడెందుకమ్మా అన్నారట ఆయన. మా అమ్మాయి అక్కడే కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని, ఫిర్యాదు తప్పని, ఫారం టీచరమ్మకి అసలు అందలేదని, ఆ మెమో తీసేయాలని రాసింది. ఇంటికి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవ్వలేదని నువ్వు కూడా సంతకం పెట్టు. మండలాఫీసు ఐదింటిదాకా ఉంటుంది."

పెట్టాను.

ఊళ్ళో ఇంకా తెలియనివాళ్ళుంటే తెలియాలని ఇది రాస్తున్నాను. టీచరమ్మ ఏ ఫారమూ పోగొట్టలేదు.

ఆ రోజు మా అమ్మాయి అన్నం తినలేదు. ఆ కాగితం పట్టుకుని రెండున్నర బస్సుకి మండలాఫీసుకి వెళ్ళింది.