గడువు తీరినాక కప్పిన కంప

నా చిన్నప్పుడు ఆత్మకూరు పక్క అడవిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక కూపని వేలం వేసేవాళ్ళు. పాడుకున్నవాడు గడువులోగా వంటచెరకు కొట్టి తోలుకోవాల. గడువు దాటితే అడవిలో మిగిలిన కట్టె సర్కారుది. ఆ ఏడు ఒక కూపు మా తాతయ్య పాడినాడు. పక్క కూపు మా ఊరి షావుకారుది.

నిలబడి కొడితే నడుముకు సుఖం, పనీ జోరుగా సాగుతుంది. షావుకారు మనుషులు నడుమెత్తున నరికి పోతాండిరి. మా తాతయ్య మాత్రం నేలబారున, మొద్దు మీద నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కొట్టమనేవాడు. నేలను ఆనుకొని వచ్చిన పిలకే మళ్ళీ మాను అవుతుందని ఆయన నమ్మకం. వంగి వంగి కొట్టేవాళ్ళకు విసుగొచ్చేది.

"ఏమప్పా, చెట్టు కొట్టమంటాండావా, దండం పెట్టమంటాండావా?" అని ఒకాయన అంటే అందరూ నవ్విరి. తాతయ్యా నవ్వి, ఆయన పక్కనే వంగి తానూ గొడ్డలి పట్టినాడు.

షావుకారు దారిలో ఆగి, "చిగిరిస్తే అది నీదా ఏమప్పా? నువ్వు వంగుతా కూర్చుంటే గడువు నీకోసం కూర్చుంటాదా?" అన్నాడు.

కూర్చోలేదు. షావుకారు కట్టె బండ్లన్నీ ముందే అడవి దాటినాయి. మా కట్టె సగం అడవిలో ఉండగానే గడువు తీరింది. మా అవ్వ శానా రోజులు తాతయ్యతో మాట్లాడలేదు.

వానలు పడినాక ఆయన నన్ను వెంటబెట్టుకొని మళ్ళీ ఆ కూపుకు పోయినాడు. మిగిలిన కట్టె కోసమనుకుంటి. దాని వంకైనా చూడలేదు. మొద్దుల మొదట్లో ఎర్రటి పిలకలు లేచిండాయి. మేకలు మేయకుండా వాటి మీద రేగుకంప కప్పుతా పోయినాడు. పక్క కూపులో మొద్దుల నెత్తిన వచ్చిన చిగుళ్ళు గాలికి ఊడి వేలాడుతాండాయి.

అడవి గార్డు వచ్చి, "నీ గడువు తీరిపోయిండాది కదప్పా, ఈడేం పని?" అన్నాడు.

"కట్టెకు తీరిండాది. కొట్టింది నేనే గదప్పా" అన్నాడు తాతయ్య, వంచిన నడుము ఎత్తకుండానే. గార్డు తన దారిన పోయినాడు.

అడవిని ప్రైవేటోళ్ళకిస్తేనే బాగుపడుతుందని కొందరు, సర్వనాశనమని కొందరు ఇప్పుడు పేపర్లలో కొట్లాడుకుంటాంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా తాతయ్యా ప్రైవేటే, షావుకారూ ప్రైవేటే. కొట్టినోడు గడువు తీరినాక మళ్ళీ ఆ అడవికి పోయినాడా అని ఒక్కడూ అడగడు. నేను మాత్రం కొట్టిన మొద్దు ఎక్కడ కనబడినా, ఈ వయసులోనూ, చేతికర్ర పక్కన పెట్టి వంగి చూస్తాను. ఎంత కిందికి కొట్టినారో, మీద కంప ఉందో లేదో.