అబాదాన్‌ను కనిపెట్టుకుని ఉన్న మాస్టారు

పోయిన సోమవారం పొద్దున సత్తెనపల్లిలో బస్సెక్కుతుంటే కండక్టరు చెప్పాడు. "టీచరు గారూ, మీ సోషలు మాస్టారు తెల్లారుజామున పోయారంట. పాలెం దగ్గర పాల క్యాన్లు ఎక్కించినప్పుడు చెప్పారు." నేను టిక్కెట్టు తీసుకుని కూర్చున్నాను. బస్సు కదిలాక గానీ ఆ మాట నాలోకి దిగలేదు. పక్కసీటులో ఎవరో పత్తికి తెల్లదోమ పట్టిన సంగతి చెబుతున్నారు. మూడు వారాల కిందట రేడియోలో ఇరాన్, ఇరాక్ యుద్ధం ఆగిందన్న వార్త విని, రేడియో కట్టేసి, దాని మీద తువ్వాలు కప్పిన మనిషి ఆయన. ఇక వినాల్సింది ఏమీ మిగలనట్టు కప్పారని అప్పుడే అనిపించింది.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా స్కూల్లో చదివినవాళ్ళకు ఆయన మ్యాపులు వేయించిన మాస్టారుగా గుర్తుంటారు. ఎనిమిదేళ్ళు ఆయన ఒక ఊరిని ఎలా కనిపెట్టుకుని ఉన్నారో తెలిసినవాళ్ళం కొద్దిమందిమి. అది రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను ఇంగ్లీషు టీచరుగా మా స్కూలున్న ఊరికి వచ్చేసరికి ఆయన సర్వీసు చివరికి వచ్చింది. ఊరికి ఎడంగా ఉన్న దళితుల పాలెంలో, చర్చి పక్క సందులో ఆయన ఇల్లు. ఆయన తండ్రి కూలికి వెళ్ళిన పొలాల మీదుగానే ఈయన స్కూలుకు నడిచి వచ్చేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలుండేవి, జేబు అడుగు తెల్లగా ఉండేది. క్లాసులో మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ముందు అది ఎక్కడుందో చూపించరా. తర్వాత ఏం జరిగిందో చెబుదువు గాని." సరిహద్దు గీత గీసిన పిల్లాడితో అనేవారు: "అది గీత కాదు. అక్కడ ఎవరిదో చేనుంటది. ఆ గీత మీద ఎవరో పంట కోస్తుంటారు."

మాస్టారికి ఒక్కతే కూతురు. గుంటూరులో నర్సు ట్రైనింగ్ చేసి, ఇరాన్‌లో అబాదాన్ అనే ఊరి ఆస్పత్రిలో ఉద్యోగానికి వెళ్ళింది. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. ఫొటో చూశాను. నాన్న పోలికే, పొట్టి మనిషి, తెల్ల టోపీ కాస్త పక్కకు పెట్టుకుని.

మిరప నారు నాటుతున్న రోజుల్లో ఇరాన్ మీదికి ఇరాక్ సైన్యం వెళ్ళిందన్న వార్త వచ్చింది. పొద్దున ఏడు గంటల వార్తల్లో విని, మాస్టారు స్కూలు తలుపు తీయకముందే వచ్చి నిలబడి ఉన్నారు. ఎనిమిదో తరగతి గదిలో ఉండే ఆసియా మ్యాపు దించి స్టాఫ్ రూములో కట్టారు. అందులో అబాదాన్ లేదు. గల్ఫ్ కొసన, నదులు సముద్రంలో కలిసేచోట, స్కేలు పెట్టి కొలిచి ఎర్ర సిరాతో చుక్క పెట్టారు. తుమ్మముళ్ళు గుచ్చి, పత్తి పీచును వేళ్ళతో పురిపెట్టి దారం చేసి ఆ ముళ్ళకు చుట్టారు. ఇరాక్ సైన్యం ఎంతవరకు వచ్చిందో ఆ దారం చెప్పేది.

నెల తిరక్కుండా దారం చుక్క పక్కకు వచ్చేసింది. నది అవతలి ఊరు ఖొర్రంషహర్ సందు సందునా పోరాడి పడిపోయింది. అబాదాన్‌ను మూడు వైపులా చుట్టేశారు. నేను ఇంగ్లీషు పేపరు చదివి చెబుతుంటే ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించి వినేవారు. "ఎవరు కాపాడుతున్నారంట ఊరిని?" అని అడిగేవారు. సైనికులతో పాటు ఆ ఊరి మనుషులే, ఫ్యాక్టరీ పనివాళ్ళు, కొట్లవాళ్ళు, చదువుకునే పిల్లలు ఇసుక బస్తాలు మోస్తున్నారని చదివితే ఆయన కొంచెం ఊపిరి పీల్చుకునేవారు. "ఊరోళ్ళే ఉన్నారంటే వదలరు లెండి," అనేవారు.

ఆ రోజుల్లోనే కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బయల్దేరి చాలా రోజులైన ఉత్తరం. దాన్ని ఆయన ఎవరికీ చూపించలేదు. చాలా కాలం తర్వాత వాళ్ళావిడ నాకు చూపించింది. ఆమెను నేను పిన్నిగారూ అని పిలుస్తాను. మొదట్లో వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగడానికి కూడా సంకోచించిన దాన్ని నేను. మాది పౌరోహిత్యం చేసే కుటుంబం. ఆ ముట్టడి నడిచిన ఏడాదిలో ఆ సంకోచం ఎక్కడ జారిపోయిందో నాకే తెలియదు. ఉత్తరంలో ఆ అమ్మాయి ఇలా రాసింది: "నాన్నా, మనవాళ్ళను పంపించడానికి పడవలు పెట్టారు. సగం మంది వెళ్ళిపోయారు. నా వార్డులో కదల్చలేని వాళ్ళున్నారు. ఏం చెయ్యమంటావు?"

ఆయన ఆ రోజే జవాబు రాసి, సత్తెనపల్లి వెళ్ళి స్వయంగా పోస్టు చేసి వచ్చారు. ఏం రాశారో ఇంట్లో కూడా చెప్పలేదు. వారం తిరిగేసరికి మాత్రం రోజుకొక ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. అన్నిటిలో ఒకటే మాట, వచ్చెయ్ అని. ఆ ఉత్తరాలన్నీ, ఆ దేశానికి టపా ఆగిపోయిందన్న ముద్రతో, సంక్రాంతి సెలవుల తర్వాత ఒక కట్టగా వెనక్కి వచ్చాయి. పోస్టుమ్యాను ఆ కట్టను స్టాఫ్ రూము బల్ల మీద పెట్టి తల వంచుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు వాటిని లెక్కపెట్టలేదు. ఒక్కొక్కటీ తిప్పి పైన తేదీ చూశారు. మొత్తం చూసి, "మొదటిది లేదు," అన్నారు.

"పోనీలెండి, అదొక్కటైనా అందుంటుంది," అన్నాను నేను, మంచి మాట చెబుతున్నాననుకుని.

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "అది అందకూడదండి," అన్నారు. "దాంట్లో నేను రమ్మని రాయలేదు. నీ వార్డు ఖాళీ అయ్యేదాకా చూసుకుని రా అని రాశాను. మాస్టార్నిగా రాశాను. తండ్రిగా రాయాల్సింది."

అంతకు కొద్ది రోజుల ముందే జరిగిన ఒక విషయం నేను చెప్పుకోవాలి. పేపర్లో అబాదాన్‌లో ఒక ఆస్పత్రి మీద ఫిరంగి గుండ్లు పడ్డాయని నాలుగు లైన్ల వార్త వచ్చింది. ఆస్పత్రి పేరు లేదు. నేను ఆ పేపరు మడిచి నా సంచిలో దాచేశాను. ఇవాళ పేపరు రాలేదని చెప్పాను. ఆయన సరేనన్నారు. మధ్యాహ్నం క్లాసు లేని సమయంలో కనపడలేదు. ఎండలో సత్తెనపల్లి దాకా నడిచి వెళ్ళి, అదే పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. కాళ్ళకు నల్లరేగడి దుమ్ము. కోపంగా లేరు.

"టీచరు గారూ, నేను యుద్ధాల పాఠాలు చెప్పి బతికినోణ్ణి. ఏమవుతుందో నాకు తెలుసు. ఏది వచ్చినా ఉన్నది ఉన్నట్టు చదవండి. మీరు దాస్తే నేను ఇంక ఎవర్ని నమ్మాలి?"

దాచనని మాటిచ్చాను.

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. మిరపకాయలు కోసి కళ్ళాల్లో ఆరబోశారు, ఘాటుకు పిల్లలు క్లాసులో తుమ్ముతూనే ఉన్నారు. ఎండాకాలం సెలవులిచ్చినా మాస్టారు రోజూ స్కూలుకు వచ్చి మ్యాపు ముందు కూర్చున్నారు. మిగతావాళ్ళకు ఆ యుద్ధం పాతబడిపోయింది. పేపర్లో లోపలి పేజీకి వెళ్ళిపోయింది. వార్త లేని రోజు ఆయనకు మరీ కష్టంగా ఉండేది. "ఏం రాయలేదంటే ఇంకా పడలేదన్నట్టే కదండీ?" అని అడిగేవారు. అవునంటే మళ్ళీ అడిగేవారు. పిన్నిగారు వండింది వండినట్టే ఉండిపోయేది. "ఆయనకి ఆకలి లేదు, నాకు ఏడుపు రాదు, ఇద్దరం గోడకి చెరోవైపు కూకుంటాం," అంది ఒకసారి.

మళ్ళీ మిరప నాట్లు పూర్తయ్యాక ఒక పొద్దున ఆ వార్త వచ్చింది. అబాదాన్ ముట్టడి తొలగింది. ఇరానీ సైన్యం నది ఇవతల ఉన్న శత్రువును వెనక్కి తరిమింది. నేను బస్సు దిగి స్కూలు దాకా దాదాపు పరుగెత్తాను. ఆయన అప్పటికే రేడియోలో విన్నారు. ముళ్ళు పీకి దారాన్ని వెనక్కి జరుపుతున్నారు. తొందరలో ముల్లు వేలికి గుచ్చుకుంది. రక్తం తుడుచుకోకుండానే, "పడలేదండి. ఏడాది నిలబడ్డారు," అన్నారు. ఆ రోజు నేను వాళ్ళింట్లో అన్నం తిన్నాను. పిన్నిగారు మూడుసార్లు వడ్డించింది.

ఆ తర్వాత రెండు నెలలకు కేరళ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ అమ్మాయితో కలిసి పనిచేసిన మలయాళీ నర్సు, ఇంటికి చేరాక ఇంగ్లీషులో రాసింది. మాస్టారు దాన్ని విప్పి పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చారు. మిగతా టీచర్లు క్లాసులకు వెళ్ళేదాకా ఆగి, నా చేతికిచ్చారు.

"నా ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను తప్పుగా అర్థం చేసుకున్నానేమో చూడండి," అన్నారు.

ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే ఏమీ తక్కువది కాదు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందని వచ్చారు. నేను పైకి చదివాను. ముట్టడి మొదలైన ఆ చలికాలమే, ఒక మధ్యాహ్నం, ఆస్పత్రి వెనక ట్యాంకు దగ్గర ఆ అమ్మాయి నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు గుండు పడింది. ఆమె అక్కడికక్కడే పోయింది. ఆ ఊళ్ళోనే పూడ్చారు. అప్పుడే రాద్దామంటే టపా లేదు. మేం పత్తి దారం జరుపుతూ, పడలేదు పడలేదు అనుకున్న ఆ నెలలన్నీ ఆ అమ్మాయి లేదు.

ఉత్తరం చివర ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. "మీ ఉత్తరం ఆమెకు అందింది. చివరి పడవ బయల్దేరే ముందు రోజు అందింది. మాకందరికీ చదివి అర్థం చెప్పింది. మా నాన్న నన్నెరుగును అని నవ్వింది."

నేను అక్కడ ఆగాను. ఆ వాక్యాలు వదిలేస్తే ఆయనకు తెలియకుండా పోదు, ఆయన అప్పటికే చదివారు. అయినా ఆ మాట నా నోటి నుంచి రాకుండా ఉంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది.

"'అందింది' అనే ఉందా?" అని అడిగారు.

"ఉంది మాస్టారూ."

"అర్థం వేరే ఏదన్నా వస్తుందేమో."

"రాదు మాస్టారూ."

ఆయన ఉత్తరం తీసుకుని మడతల ప్రకారమే మడిచి, పైజేబులో పెట్టుకున్నారు. గంట మోగింది. తొమ్మిదో తరగతికి వెళ్ళి పాఠం చెప్పారు. ఏం చెప్పారో ఆ క్లాసులో ఎవరికీ గుర్తులేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి పిన్నిగారికి ఆ మాట ఎలా చెప్పారో నేనెప్పుడూ అడగలేదు. పాలెం అంతా వినపడేలా ఆమె ఏడ్చిందని మాత్రం విన్నాను. ఏడాదిగా రాని ఏడుపు.

ఇంక మ్యాపు దించేస్తారనుకున్నాం. దించలేదు. మర్నాడు ఏడు గంటల వార్తలు విన్నారు, వచ్చి పేపరు అడిగారు. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. మరుసటి ఎండాకాలం ఖొర్రంషహర్‌ను వాళ్ళు తిరిగి తీసుకున్నారు. రిటైరైనప్పుడు హెడ్మాస్టరు ఆ పాత మ్యాపు ఆయనకే ఇచ్చేశారు. తర్వాత యుద్ధం సరిహద్దు దాటి అటువైపుకు వెళ్ళింది. ఇరాన్ తనను తాను కాపాడుకునే యుద్ధం కాస్తా మరో దేశంలోకి చొచ్చుకుపోయే యుద్ధమైనప్పుడు ఆయన దారం జరపడం మానేశారు. "ఇది పిల్ల చూసుకున్న యుద్ధం కాదు," అన్నారు. అయినా వినడం మానలేదు.

"ఇంకా ఎందుకు మాస్టారూ, మనసు కష్టపెట్టుకోవడం?" అని ఒకసారి అడిగాను.

"ఆ ఊరు పడిపోతే మా పిల్ల ఎందుకు ఉన్నట్టండీ అక్కడ?" అన్నారు. మళ్ళీ, "నేను ఎందుకు ఉండమన్నట్టు?" అన్నారు.

రోజూ పొద్దున రేడియో దగ్గర ఆయన వెతికింది దానికి జవాబే. ఆ అమ్మాయి ఉన్నది సరైన పనే అని చెప్పే వార్త ఏ దేశపు స్టేషనూ చదవదు.

పోయిన నెల యుద్ధం ఆగింది. ఆ రోజు నేను మాస్టారింటికి వెళ్ళేసరికి పక్కింటాయన వచ్చి కూర్చుని ఉన్నాడు. "ఎవరు గెలిచారు మాస్టారూ?" అని అడిగాడు.

"గీత మొదట ఎక్కడుందో అక్కడికే వచ్చిందయ్యా," అన్నారు మాస్టారు. అప్పుడే రేడియో కట్టేసి తువ్వాలు కప్పారు. ఆ తర్వాత మూడు వారాలు ఆయన ఆ తువ్వాలు తీయలేదని పిన్నిగారు చెప్పింది. జబ్బేమీ లేదు. ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చి పడుకున్నారు. తెల్లారి లేవలేదు.

ఆ ఉత్తరం రాయకుండా ఉండాల్సిందని నేనెప్పుడూ అనుకోలేదు. రాసినందుకు ఆయన పడిన బాధ కూడా చూశాను. ఈ రెంటినీ కలిపి ఒక మాటలో చెప్పడం నాకు చేతకాదు. ఆయన నాకు ఒకటి నేర్పారు. ఉన్నది ఉన్నట్టు చదవడం. అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను.

సోమవారం సాయంత్రం ఆయన్ను తీసుకెళ్ళాం. సమాధుల దొడ్డి పాలెం దాటాక, చేలకు ఆనుకుని ఉంటుంది. సన్నగా తుంపర పడుతోంది. దారికి రెండు వైపులా మిరప నాట్లు జరుగుతున్నాయి. శవపెట్టె దగ్గరికి వచ్చేసరికి చేలల్లో వంగి ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడుం ఎత్తి నిలబడ్డారు. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. మోకాళ్ళ దాకా బురద. చేతుల్లో నారు కట్టలు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక, నాటడానికి మనసొప్పక, అలాగే గుండెలకు ఆనించి పట్టుకున్నారు. ప్రార్థన అయిపోయి, మట్టి వేసి, మేము తిరిగి వస్తున్నప్పుడు కూడా వాళ్ళు అదే వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లో లేత మొక్కలు తలలు వాల్చేశాయి.