బోర్డు మీద పూర్తి పేర్లు

నా చిన్నప్పుడు పక్కింటి అక్క ఉద్యోగం పోవడానికి నేనే కారణమని ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఇంగ్లీషు రాకనే తీసేశారని వీధిలో అనుకుంటుంటే విని ఊరుకున్నాను.

ఏడో తరగతి దాకా నాది కొలిమిగుండ్ల దగ్గర పల్లెలో తెలుగు బడి. ఎనిమిదికి ఆళ్లగడ్డలో మేనత్త ఇంట్లో ఉంచి ఇంగ్లీషు మీడియంలో చేర్చారు. అక్కడ టైంటేబుల్ నిండా పి.ఎస్., ఎన్.ఎస్., ఎస్.ఎస్. అని రెండేసి అక్షరాలే. నేను చదివొచ్చిన భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం వాటిలో ఏవో తెలిసేది కాదు. అడిగితే పల్లెటూరివాడని నవ్వుతారని భయం. రోజూ తప్పు పుస్తకం తీసుకుపోయి బెంచీ మీద నిలబడేవాణ్ణి.

మేనత్త పక్కింటి అక్క అప్పుడే మా క్లాసు టీచరుగా చేరింది. ఒక నెల పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారట. రెండు రోజులు నన్ను గమనించింది, ఏమీ అడగలేదు. మూడో రోజు బోర్డు మూలనున్న టైంటేబుల్ చెరిపి, పి.ఎస్. బదులు ఫిజికల్ సైన్స్, ఎన్.ఎస్. బదులు నేచురల్ సైన్స్, ఎస్.ఎస్. బదులు సోషల్ స్టడీస్ అని ప్రతి సబ్జెక్టుకూ పూర్తి పేరు రాసింది. నా వైపు చూడకుండానే, అందరినీ నోట్సు వెనక ఎక్కించుకోమంది.

ఆ మధ్యాహ్నమే బడి నడిపే కరస్పాండెంటు వచ్చాడు.

"ఏందమ్మా ఈ రైలుబండ్లంత పేర్లు? ఎనిమిదోళ్లకు పి.ఎస్. అంటే తెల్దా?"

అక్క నా పేరు చెబితే సరిపోయేది. "పిల్లోళ్లకు తెలుసు సార్. నాకే ఇంకా అలవాటు కాలేదు" అంది.

వెనక బెంచీలో ఒకడు, "టీచరుకే తెల్దంటరోయ్!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నా గుట్టు బయటపడలేదన్న సంబరంతో నేనూ పగలబడి నవ్వాను.

నెలాఖరున ఆమెను రావద్దన్నారు. ఆ సాయంత్రం గోడ మీంచి నన్ను పిలిచి, "పుస్తకాలు ఇప్పుడు సరిగ్గా తీసకపోతాండావా అప్పా?" అని అడిగింది. ఊ అన్నాను. అంతే.

నంద్యాలలో నేను పనిచేసే ఆఫీసులోనూ అన్నీ పొట్టి మాటలే. కొత్తగా చేరినవారు అర్థం కాకపోయినా తలూపుతుంటే నాకు తెలిసిపోతుంది. ఏమీ అడగకుండా, కాగితం మీద పూర్తిగా రాసి పక్కన పెడతాను. ఆమె దగ్గర నేర్చుకున్నదే.

మొన్న ఆమె నంద్యాలలోనే కూతురింట్లో ఉంటోందని తెలిసి వెళ్లాను. మాటల్లో కూతురు నవ్వుతూ, "మాయమ్మను ఇంగ్లీషు రాదని బడిలోంచి తీసేసినారంటన్నా" అంది. అక్కా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. జరిగిందంతా చెప్పాను.

"నాకు తెలుసులేప్పా. అందరికన్నా గట్టిగా నవ్వింది నువ్వే" అంది అక్క, మెల్లగా.

కూతురి ముందే ఆమె చేతులు పట్టుకున్నాను. "తెలీంది నాకక్కా, నీకు కాదు. ఆ పొద్దే లేసి సార్‌తో చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు చేసినా. క్షమించు."