వెనకగదికి రాష్ట్ర హోదా

మా పెదనాన్నకి ఒక్కటే పిచ్చి. కంటబడ్డ ప్రతి చోటూ రాష్ట్రమా, కేంద్రపాలిత ప్రాంతమా అన్నది తేల్చందే ఆయనకి ముద్ద దిగదు. ముప్పై ఏళ్లు బళ్లో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పాఠం వినే పిల్లలు కరువై మా ఉమ్మడి ఇంటి మీద పడ్డారు.

"వంటిల్లు రాష్ట్రం. మీ పెద్దమ్మ సొంత ప్రభుత్వం. నేను వేలు పెట్టకూడదు."

"వేలు సరే, చేతులు పెట్టి ఆ ఉల్లిపాయలు తరగండి!" లోపల్నుంచి పెద్దమ్మ.

"అది కేంద్రసాయం. అర్జీ పెట్టుకో!"

వరండా, వెనకగది మాత్రం కేంద్రపాలితాలు. అక్కడ నేరుగా ఆయన ఏలుబడే. నా గది రెంటికీ మధ్యరకం: శాసనసభ ఉన్న కేంద్రపాలితమట! గోడల రంగు నా ఇష్టం, శాంతిభద్రతలు ఆయనవి. నా మొట్టమొదటి ప్రేమలేఖని అద్దానికి అభినయించి వినిపిస్తుంటే "తనిఖీ!" అంటూ జొరబడ్డారు. విన్నంతా విని, "రెండో వాక్యంలో వ్యాకరణం తప్పుంది" అని వెళ్లిపోయారు.

మామయ్య పోయాక మేనత్త వచ్చి వెనకగదిలో కుట్టుమిషను పెట్టుకుంది. "అన్నయ్యా, కిటికీ తియ్యనా? ఫ్యాను వేసుకోనా?" అన్నిటికీ అనుమతే. పెదనాన్న దర్జాగా "మంజూరు!" అనేవారు.

ఒకరోజు ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, వచ్చాడు. "నాన్నా, వెనకగది నా ఆఫీసుకి కావాలి. అత్త హాల్లో సర్దుకుంటుంది."

అత్త కుడుతున్న జాకెట్టు మడిచి, మిషను మీద గుడ్డ కప్పింది.

పెదనాన్న మొహం ఒక్కసారి పాలిపోయింది. మరుక్షణం ఎగిరి గంతేశారు.

"కుదరదురా! ఆ గదికి రాష్ట్ర హోదా ఇచ్చేశాను!"

"ఎప్పుడు?"

"ఇదిగో, ఇప్పుడే!"

కాగితం మీద బరబరా రాసి, సంతకం గీకి తలుపుకి అంటించారు. పెద్దమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చి, "పొరుగు రాష్ట్రం మద్దతు!" అని అరిచింది. నేను ఈల వేశాను.

"మరి నా ఆఫీసు?" అన్నాడు అన్నయ్య.

"వరండా తీసుకో. అది నా పాలనలోదే, ఎవర్నీ అడగక్కర్లేదు."

అంత కేంద్రమూ అలా నిలువనీడ లేకుండా పోయింది. పడక్కుర్చీ చంకన పెట్టుకుని ఆయన వెనకగది తలుపు తట్టారు.

"చెల్లాయ్, ఓ మూల కాస్త చోటిస్తావా?"

లోపల మిషను టకటకలాడుతోంది.

"ఇప్పుడు కాదన్నయ్యా, పనిలో ఉన్నా. సాయంత్రం రా!"

పెదనాన్న మావైపు తిరిగారు. మొహం చేటంత అయింది.

"విన్నారర్రా? నన్నే పొమ్మంది!"