బాపు దస్తీ, నా బోర్డు బ్యాటరీ

ఆ రోజుల్లో టైం అనేది ఇప్పటిలా ఎవరి జేబులో వాళ్లకు ఉండేది కాదు. ఊళ్లో ఎవరో ఒకరి దగ్గర ఉండేది, మిగతావాళ్లు పోయి అడిగి తెలుసుకునేవాళ్లు. మా దేవరకొండలో, కనీసం మా గల్లీ వరకు, అది మా బాపు దగ్గర ఉండేది. ఇంటి ముందు గదిలోనే ఆయన గడియారాలు బాగుచేసే దుకాణం, దానికి ఎదురుగా మసీదు. పొద్దున్నే రేడియోలో టైం కూతలు విని గోడ గడియారం సరిచేసి, మిగతా గడియారాలన్నిటికీ వరసగా చాబీ (కీ) ఇచ్చి, అప్పుడు చాయ్ ముట్టేవాడు. రంజాన్ నెల వచ్చిందంటే ఆయన దర్జా ఇంకా పెరిగేది. పొద్దుగూకే వేళకు దుకాణం మెట్ల మీద నిలబడి తెల్ల దస్తీ (చేతిరుమాలు) పైకెత్తేవాడు. మసీదు గోడ పక్కన, చేతితో తిప్పే సైరన్ పట్టుకుని ఒక పెద్దమనిషి ఆ దస్తీనే చూస్తుండేవాడు (ఆయన అసలు పేరు ఆయన ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో, మాకందరికీ సైరన్ చాచా). మసీదు కాగితంలో ఆ రోజుకు రాసిన టైం కాగానే బాపు దస్తీ దించేవాడు, చాచా సైరన్ తిప్పేవాడు, గల్లీ అంతా రోజా, అంటే ఆనాటి ఉపాసం, విడిచేది. "ఒక గడియారం ఇస్త, చేతికి పెట్టుకో చాచా" అని బాపు ఎన్నిసార్లు అన్నా, "నీ దస్తీ ఉండంగ నాకు గడియారమెందుకు" అనేవాడాయన. ఆ మాట వినడం కోసమే బాపు ఏటా అడుగుతాడని నా అనుమానం.

అట్లాంటి ఇంట్లోకి నేను పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని వచ్చాను. టైపు నేర్పే సెంటర్‌లో చిన్న కొలువు చేస్తూ, హైదరాబాద్ పోయినప్పుడల్లా పాత సామాన్ల దుకాణాల్లో చిప్పులు ఏరుకొచ్చి, నా చేతులతో సోల్డరింగ్ చేసి ఒక కంప్యూటర్ బోర్డు తయారుచేశాను. కంప్యూటర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. పీట మీద పట్టేంత పచ్చ పలక, దాని మీద ఎర్రగా వెలిగే ఆరు అంకెలు, కొన్ని మీటలు. కూడికలు చేసేది, టైం చూపేది. నా గర్వమంతా ఆ టైం చూపడంలోనే ఉంది. కరెంటు పోతే అంకెలు ఆరిపోయేవి కానీ లోపల గడియారం ఆగేది కాదు. దాని పక్కనే బొటనవేలంత బ్యాటరీ ఒకటి ఉండి, కరెంటు ఉన్నంతసేపు బోర్డులోంచి కొంచెం కొంచెం తాగి, లేనప్పుడు గడియారాన్ని నడిపించేది. ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే మళ్లీ నిండడానికి ఒక పగలూ రాత్రీ పట్టేది. దాన్ని నేను చంటిపిల్లను సాకినట్టు సాకాను. బోర్డు చేసిన దగ్గర్నుంచి చేతి గడియారం పెట్టుకోవడం కూడా మానేశాను. అదొక పొగరు.

బాపుకు మాత్రం అది నచ్చలేదు. "ముల్లు లేదు, చాబీ లేదు, చప్పుడు లేదు. గిది గడియారమెట్లయితది బిడ్డా?" అనేవాడు.

"చాబీ అక్కర్లేదు బాపు. కరెంటు తాగి బతుకుతది."

"మనూరి కరెంటు తాగి బతకాలంటే అది గూడ రోజా ఉండాల్సిందే పో."

అవ్వది, అంటే మా అమ్మది, ఇంకో దారి. ఒకరోజు బ్యాటరీ కొసల దగ్గర తెల్లగా ఉప్పులాంటిది పేరుకుంటే, నిమ్మరసం అద్దిన గుడ్డతో తుడుస్తున్నాను (అట్లా వదిలేస్తే ఆ ఉప్పు బోర్డును తినేస్తుంది). అవ్వ వచ్చి నిమ్మకాయ చూసింది, బోర్డును చూసింది. "మంచి పని చేస్తున్నవ్ బిడ్డా, దీనికి మస్తు దిష్టి తగిలింది" అని లోపలికి పోయి కుంకుమ తెచ్చి బోర్డు మూలకు బొట్టు పెట్టింది. ఆ బొట్టు చెరపడానికి నాకు మనసొప్పలేదు.

ఆ ఏడు సరిగ్గా రంజాన్‌లోనే బాపుకు కంట్లో శుక్లం ముదిరి, నల్లగొండ దవాఖానలో ఆపరేషన్ అన్నారు. ఆయనకు కంటి ఫికర్ లేదు, దస్తీ ఫికర్. "నా బోర్డు ఉంది గదా బాపు" అన్నాను. తాను లేనప్పుడు తప్పు టైం చూపొద్దని ఆయన గోడ గడియారం పెండ్యులం ఆపి, దుకాణానికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, దస్తీ నా చేతిలో పెట్టాడు. "రెండు నిమిషాలు ముందు దించినవనుకో, దినమంత నీళ్లు ముట్టని మనుషుల ఉపాసం వట్టిగ పోతది. మన మీది నమ్మకం గూడ దాంతోనే పోతది. యాదికుంచుకో." అని చెప్పి బస్సెక్కాడు.

మొదటి నాలుగైదు రోజులు దివ్యంగా గడిచాయి. పగలు కరెంటు ఎంత పోయినా సాయంత్రానికి వచ్చేది, మెట్ల పక్కన కిటికీలో పెట్టిన బోర్డు మీద అంకెలు వెలిగేవి, నేను మెట్ల మీద నిలబడి అచ్చం బాపులాగే గడ్డం కొంచెం పైకెత్తి దస్తీ ఎత్తేదాన్ని (గడ్డం ఎత్తాల్సిన పని టైంకు ఏమీ లేదు, అది నా సొంత కవిత్వం). "బేటీ, నీ దస్తీ మీ బాపు దస్తీ కన్న తెల్లగున్నది" అన్నాడు చాచా. ఆ రాత్రి నాకు అన్నం రుచిగా అనిపించింది.

బాపు తిరిగి వచ్చే రోజు పొద్దున్నుంచే కరెంటు లేదు. సాయంత్రం సెంటర్ నుంచి ఇంటికొచ్చి చూస్తే కిటికీ ఖాళీ. అవ్వను అడిగితే ఎంతో ప్రేమగా మిద్దె మీదికి చూపించింది. మా ఇళ్లల్లో రేడియో సెల్లులు నీరసపడితే ఎండకు పెట్టడం అలవాటు, ఎండకు కొంచెం లేచి ఇంకో రెండు రోజులు పాడతాయి. అవ్వ రేడియో సెల్లులతో పాటు నా బోర్డును కూడా స్టీలు పళ్లెంలో పెట్టి, ఎండుమిరపకాయల పక్కన చక్కగా ఎండబెట్టింది.

"దినమంత కరెంటు లేకపాయె. నీ బ్యాటరీ పానం పోతదని ఎండకు పెట్టిన బిడ్డా."

ఎండతో ఏమీ అయ్యేది కాదు. బోర్డు అడుగున ఉండే సోల్డరింగ్ మొనలన్నీ స్టీలు పళ్లెం మీద ఆనాయి. ఈ కొస కరెంటు ఆ కొసకు పారి, బ్యాటరీ ఒట్టిపోయింది. గడియారం ఆగిపోయింది. చూడబోతే పొద్దు ఖిల్లా గుట్ట మీదికి వాలుతోంది, దుకాణానికి తాళం, నా చెయ్యి బోసి. గల్లీలో అప్పటికే ఖర్జూరాల పళ్లేలు బయటికొస్తున్నాయి.

ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి టైం ఎంతుందో కూడా తెలియదు. అప్పుడు తట్టింది, ఆరు గంటల వార్తల ముందు రేడియోలో కూతలు వస్తాయి. ఎండలో కాగిన సెల్లులు రేడియోలో వేస్తే గురగురమని పలికింది. అవ్వ నా వైపు చూసిన చూపు నేను ఎప్పటికీ మరిచిపోను. కరెంటు లేదు కాబట్టి బోర్డుకు బలం కావాలి. చాచా దగ్గరికి ఉరికి, తెల్లవారకముందు తినే సహరీకి జనాన్ని లేపడానికి తిరిగే ఆయన పొడుగు టార్చిలోని సెల్లులు తెచ్చి, ఇంట్లో టార్చిది ఇంకొకటి కలిపి, వరసగా గుడ్డలో బిగించి కట్టి బోర్డుకు తగిలించాను. అంకెలు అన్నీ సున్నాలై వెలిగాయి. ముందే ఆరు గంటలు కొట్టి పెట్టుకుని, రేడియోలో చివరి కూత రాగానే మీట నొక్కాను. గడియారం నడిచింది.

నడిచింది కానీ ఆ అంకెలు టార్చి సెల్లులను గటగటా తాగుతున్నాయి, చూస్తుండగానే మసకబారుతున్నాయి. అంకెల వైరు పీకేశాను. ఇక వచ్చే బలమంతా గడియారానికి, దాని పక్కనున్న చిన్న బ్యాటరీకి. నడుమ నడుమ ఒక్క క్షణం తగిలించి చూడడం, మళ్లీ పీకడం. చాచా సైరన్ వదిలి కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏం కనిపిస్తలేదు గద బేటీ?"

"లోపల నడుస్తాంది చాచా."

"నువ్వు చెప్తున్నవు గద, నడుస్తనే ఉంటది" అని మళ్లీ సైరన్ దగ్గరికి పోయాడు. ఆ నమ్మకం నా నెత్తిన బండ పెట్టినట్టయింది. ఇంకోసారి వైరు తగిలిస్తే అంకెలు వెలగలేదు. టార్చి సెల్లులు అయిపోయాయి. ఇక ఆ గడియారం బతికి ఉంటే, ఆ కాసేపట్లో చిన్న బ్యాటరీ తాగిన రెండు గుక్కల మీదే బతికి ఉండాలి. ఎప్పుడూ మొక్కని నేను అవ్వ పెట్టిన కుంకుమ బొట్టుకు దండం పెట్టాను.

అంతలో వీధి లైటు మిణుకుమని వెలిగింది. కరెంటు వచ్చింది. సున్నాలు కనిపిస్తాయేమోనని ఒక కన్ను మూసుకుని బోర్డును కరెంటుకు తగిలించి చూశాను. సున్నాలు లేవు. టైం ఉంది, నడుస్తోంది, సైరన్‌కు ఇంకా అర నిమిషం ఉంది. కిటికీ వైపు తల తిప్పుకుని మెట్ల మీద నిలబడి దస్తీ ఎత్తాను. చివరి అంకె మారగానే దించాను. చాచా సైరన్ తిప్పాడు.

ఆ టైం ఎంత సరైనదో చెప్పడానికి నా దగ్గర ఇంకో గడియారం లేదు. ఆ గడియారం గల్లీ మలుపు తిరిగి నడుచుకుంటూ వచ్చింది. బాపు అప్పుడే బస్సు దిగాడట, ఒక కంటికి కట్టు. సైరన్ మోగగానే ఆగి, రెండో కంటితో చేతి గడియారం చూసుకున్నాడట (దవాఖానలో రోజూ రేడియో పెట్టించుకుని దాన్ని సరిచేసుకున్నాడు, నర్సులు పడలేకపోయారని తర్వాత తెలిసింది). ఇంటికొచ్చి సంచి కింద పెట్టి, "సెకండు గూడ తప్పలే" అన్నాడు. అంతే. అవ్వ పక్క నుంచి, "ఎండకు పెట్టింది నేనే" అంది.

మర్నాడు పొద్దున బాపు దుకాణం తెరిచాడు. రేడియో పెడతాడని చూశాను, పెట్టలేదు. పెండ్యులం ఆడించి, కిటికీ దగ్గరికొచ్చి, నా బోర్డు మీదికి వంగి అంకెలు చూసి, పోయి గోడ గడియారం ముల్లు తిప్పాడు. నేను లోపలి గదిలోకి పోయి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు వచ్చిన డిప్లొమా కాగితం మీద ఎవరెవరి సంతకాలో ఉన్నాయి కానీ, నా లెక్కలో నేను పాసైంది ఆ పొద్దున. సాయంత్రం దస్తీ కూడా బాపు తీసుకోలేదు. "నువ్వే ఎత్తు, నాకు కన్ను సరిగ్గ ఆనుతలేదు" అన్నాడు. కట్టు విప్పాక కూడా అదే మాట అన్నాడు.

ఆ బోర్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. బ్యాటరీలు మారాయి, నిమ్మరసం మారలేదు. చేతిలో ఫోను తన టైం తానే సరిచేసుకుంటున్నా, అప్పుడప్పుడు ఆ బోర్డును ఒక దినమంతా కరెంటుకు పెట్టి ఉంచుతాను. ఎవరైనా ఏం చేస్తున్నావంటే, చాబీ ఇస్తున్నానంటాను. గడ్డం పైకెత్తి మెట్ల మీద నిలబడ్డ ఆ పొగరుబోతు పిల్లను తలచుకుంటే ముద్దొస్తుంది. ఆ రోజు దస్తీ ఎత్తినప్పుడు నా చెయ్యి ఇసుమంత కూడా వణకలేదని అందరికీ చెబుతుంటాను. వణికింది. దించింది మాత్రం సరిగ్గా టైంకే.