కందిరీగ గూళ్ళు, నా బెండ తోట

యుద్ధం రోజుల్లో చంద్రగిరి పక్క పల్లెలో మా కాపురం. చెరకు వేయాల్సిన మడిలో బెండ వేస్తానని మొండికేసి మామను ఒప్పించాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తోట బాగున్నన్నాళ్ళే బావి నీళ్ళు దానికి. పాడైందా, నీళ్ళు పక్క మడిలోని చెరకుకు. కాయలు బండిలో తిరుపతికి పోయేవి. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ మడి ఒక్కటే.

మా ఇంటి గోడలకు నల్ల కందిరీగలు మట్టిగూళ్ళు కట్టేవి. ఇంట్లో కందిరీగ గూడు కడితే కోడలి కడుపు పండుతుందని మా వైపు నమ్మకం. అందుకని అత్త వాటి జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు. సున్నం కొట్టించినా గూళ్ళను తప్పించే కొట్టించేది. నాకు ఆ నమ్మకంతో పనిలేదు. బెండ ఆకుల మీది పచ్చపురుగులను అవి పొట్ట కింద పట్టుకొచ్చి గూళ్ళలో కుక్కడం రోజూ చూసేదాన్ని. వాటి పిల్లలకు అదే తిండి. పక్క తోటల్లో ఆకులు జల్లెడలైపోతే నా తోట నిండుగా ఉండేది. ఈ మాట చెబితే ఇంట్లో అందరూ నవ్వారు.

ఏళ్ళు గడిచాయి, నాకు బిడ్డలు కలగలేదు. ఒకరోజు అత్తకు విసుగు పుట్టింది. "ఇన్నేండ్లు కట్టినాయి, ఏమిచ్చినాయి నీకు?" అంటూ కొడవలి తీసుకుని గూళ్ళన్నీ గీకేసింది. పురుగుల సంగతి చెప్పి చేతులు పట్టుకున్నా వినలేదు. నా బాధంతా బిడ్డల కోసమే అనుకుని నన్ను ఓదార్చింది కూడా. ఒళ్ళు మండిపోయింది. ఎవరితో చెప్పుకోను?

కొద్ది రోజులకే పురుగు తోట మీద పడింది. బూడిద చల్లాను, చేత్తో ఏరాను. ఏరిన చెట్టుకే మళ్ళీ కనిపించేవి. మామ గట్టు మీద నిలబడి చూసి, బావి వైపు వెళ్ళిపోయేవారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు.

గాదె వెనక ఒక్క గూడు అత్త కంటబడకుండా మిగిలింది. చివరికి దాన్ని నేనే ఊడబెరికాను. కళ్ళారా చూస్తే నమ్మక ఏం చేస్తారు అనుకున్నాను. అత్తామామలిద్దరి ముందూ చాటలో పెట్టి పగలగొట్టాను. లోపల పచ్చపురుగులు కందిరీగ కుట్టిన మత్తులో చావకుండా, కదలకుండా ఒత్తుకుని ఉన్నాయి.

"సూడు మామా, ఇయ్యన్నీ మన తోటలోవే" అన్నాను.

అత్త చాట దగ్గరికి లాక్కుని వంగి చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. "తోటను తినే పురుగులన్నీ ఈడనే పుట్టినాయా? మనమే ఇంట్లో పెట్టుకోని సాకితిమి గదా" అంది.

కాదు, తోటలో పట్టి తెచ్చుకున్నవి అని గొంతు చించుకున్నాను. మామ చాటలోకే చూస్తూ, "కండ్ల ముందరే ఉండాది గదమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి నీళ్ళు చెరకు కాలవలో పారుతున్నాయి.