ఇత్తడి గంగాళంలో బ్లీచింగ్ నీళ్లు

1944 ఎండాకాలం. వరంగల్ సర్కారు దవాఖానాలో నేను నర్సుగా చేరి రెండేళ్లు. ఊళ్లో అక్కడక్కడా గత్తర, అంటే కలరా. రోగి కోలుకున్న ఇంటికి వెళ్లి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కలపడం నేర్పాలి. ఆ పని మీద బయల్దేరితే నాకు పెళ్లికి పోతున్నంత సంబరం!

ధాన్యం బజారులో ఒక షావుకారు కొడుకు గత్తర నుంచి బయటపడ్డాడు. అతని భార్య లక్ష్మికి ఏడో నెల. ఆమెనూ, అత్తగారు రంగమ్మనూ కూర్చోబెట్టి చూపించాను. మట్టి కుండలో సేరు నీళ్లకు మూడు తులాల పౌడర్. కాసేపు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది. అది స్టాక్ సొల్యూషన్, ఘాటుది. రోగి కక్కిన నేలకు దాన్ని అలాగే వాడాలి. గిన్నెలకైతే డైల్యూషన్, అంటే పలచన చేయడం. లోటా తేటకు ఇరవై లోటాల నీళ్లు. లక్ష్మి ఒక్క తప్పు లేకుండా తిరిగి చెప్పింది. నా అంత పంతులమ్మ లేదనుకుంటూ వచ్చేశాను.

మర్నాడు పొద్దున చూసి వద్దామని వెళ్తే రంగమ్మ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"నర్సమ్మా, జల్ది రా! పిల్ల ఒక్కతీరుగ దగ్గుతాంది, ఊపిరాడ్తలేదు!"

గిన్నెలు తోమే చిన్న గది తలుపు తీయగానే ఘాటు గుప్పున కొట్టింది. తడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి దూరి, లక్ష్మిని రెక్క పట్టుకుని బయటి గాలిలోకి లాక్కొచ్చాను. కూర్చోబెట్టి ముఖం, కళ్లు నీళ్లతో కడిగాను. ఒకటి కాదు, రెండు ప్రాణాలు!

"ఏం కలిపిన్రు?"

"ఏం కలపలే! మట్టి కుండకు మైల తగిల్తె పారెయ్యాలె గదా, ఇత్తడైతే తోముకుంటే శుద్ధి. అందుకే గంగాళంల పోసిన. తెల్లారేసరికి నల్లగైంది. అండ్లనే చింతపండేసి తోముమన్న," అంది రంగమ్మ ఏడుస్తూ.

చింతపండు! పులుపు తగిలితే బ్లీచింగ్ లోని క్లోరిన్ గాలి ఒక్కసారిగా పైకి లేస్తుంది. తలుపు మూసిన గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. బ్లీచింగ్ తగిలితే ఇత్తడి నల్లబడి పాడవుతుంది, మట్టి కుండ అన్నది అందుకే. రెండూ నేను చదువుకున్న పాఠాలే. వాళ్లకు చెప్పాలని మాత్రం తట్టలేదు.

జట్కాలో దవాఖానాకు తీసుకెళ్లాం. రెండు రోజులకు దగ్గు తగ్గింది. డాక్టరు గారు ఆమె కడుపుకు గొట్టం ఆనించి, "బిడ్డ గుండె బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది" అనగానే నేను పైకే నవ్వేశాను. వార్డంతా తిరిగి చూసింది.

వెళ్లేటప్పుడు లక్ష్మి అంది: "నీళ్లెన్ని పొయ్యాల్నో చెప్పినవ్ గని అక్కా, కుండల్నే ఎందుకు పొయ్యాల్నో చెప్పకపోతివి. చెప్తే మా అత్తమ్మ ఇనకపోవునా?"

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా పౌడర్ బయటికి తీయకముందే, "మీ గిన్నెలు దేంతోని తోముతరమ్మా?" అని అడిగేదాన్ని. వాళ్లు చెప్పింది విన్నాకే నా పాఠం మొదలయ్యేది.